పుడిసెడు ఏరు

ముసురుదేశపు యువరాజు ధారాధరవర్మకు పుక్కిలించి ఉమ్మడం చేతకాలేదు.

ద్వారం దగ్గర సేవకుడు బంగారు గిండితో నోట్లో నీళ్ళు పోస్తాడు. అతిథి వాటిని గుడగుడలాడించి పక్కనున్న వెండి తొట్టిలో ఉమ్మాలి. అలా పన్నెండుసార్లు ఉమ్మితే గానీ ఆ స్ఫటికమేడలోకి ఎంతటివాడికైనా ప్రవేశం లేదు. మన యువరాజు నోట్లోకి నీళ్ళు వెళ్ళాయి, గుడగుడలాడాయి, అక్కడితో ఆగిపోయాయి. బుగ్గలు ఉబ్బించుకుని, గుడ్లు తేలేసి, ఉమ్మలేక మింగలేక నిలబడ్డాడు. సేవకుడు కనుబొమలు ముడిచాడు. అంతలో వెనక తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడ్డ అడపకత్తె ముందుకు జరిగి, యువరాజు నడుం మీద మెలిపెట్టి ఒక్క గిల్లు గిల్లింది.

"అబ్బా!" అన్నాడు యువరాజు. నీళ్ళు తొట్టిలో పడ్డాయి.

"ఇంకా పదకొండు," అని అడపకత్తె అతని చెవిలో గొణిగింది.

ఇక మీ దగ్గర దాపరికం దేనికి? ఈయన యువరాజు కాడు. ముసురుదేశమనేది భూమ్మీద ఎక్కడా లేదు. ఈయన చౌడుసీమ నీరటి తిప్పన. నీరటి అంటే చెరువు తూము దగ్గర కూర్చుని ఏ మడికి ఎన్ని నీళ్ళు వదలాలో చూసేవాడు. చౌడుసీమలో చెరువులెండి ఇరవయ్యేళ్ళు కావడంతో, ఇప్పుడు ఏటి ఇసకలో చెలమలు తోడించి, వాటి అడుగున ఊరిన నీటిని ఇంటికి రెండు ముంతల చొప్పున పంచుతుంటాడు. ఆ సీమలో బియ్యం కడిగిన నీళ్ళతో కూరలు కడుగుతారు, కూరలు కడిగిన నీళ్ళతో గిన్నెలు, ఆ గిన్నెల నీళ్ళతో కాళ్ళు. ఆ కాళ్ళు కడుక్కునేదైనా సొరపాదులో నిలబడే. అలాంటి చోట పుట్టి పెరిగినవాణ్ణి పట్టుకొచ్చి పన్నెండుసార్లు ఉమ్మమంటే వాడు మాత్రం ఏం చేస్తాడు, పాపం!

గిల్లిన పిల్ల చౌడుసీమ రాజకుమారి మైలమదేవి. ఈ ఉపాయమంతా ఆమెదే. ఆమె తాత ఎర్రమరాజు ఒకనాడు వేట విడిదిలో పీకలదాకా కల్లు పట్టించి, డుండుభుడనే మాంత్రికుడు చేసిన గారడీకి మురిసిపోయి "ఏం కావాలో కోరుకో" అన్నాడు. వాడు చిలుకేరు కోరాడు. చౌడుసీమకున్న ఒకే ఒక్క నది అది. రాజుగారు మత్తులో గిండి ఎత్తి, వాడి చేతిలో నీళ్ళు ధారపోసి, నదిని దానమిచ్చేశారు. డుండుభుడు దాన్ని ఊటనుంచి కొసదాకా చాప చుట్టినట్టు చుట్టి, మడతపెట్టి, ఉత్తరీయంలా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రాజుగారికి మత్తు దిగేసరికి ఏటిలో ఇసక మిగిలింది. కత్తి తగిలితే ఆ ఉత్తరీయం చిరుగుతుంది, నది చస్తుంది. ధారపోసి ఇచ్చినదాన్ని మళ్ళీ ధారపోయించుకునే తెచ్చుకోవాలి. వేరే దారి లేదు. అందుకే ఈ వేషాలతో వాడి స్ఫటికమేడకు వచ్చారు. ఈ పూట తెచ్చుకోలేకపోతే చౌడుసీమలో వచ్చే వేసవికి చెలమలు కూడా ఉండవు.

ఉమ్మడాలు ఎలాగో పూర్తయ్యాయి. తరవాత స్నానం. దాని సంగతి ఎత్తకపోవడమే మంచిది. నూరు కడవలు, అన్నిట్లోనూ పన్నీరు. కడవ మీద కడవ నెత్తిన గుమ్మరిస్తుంటే తిప్పనకు ప్రతి కడవకీ ఊళ్ళో ఒక ఇల్లు గుర్తొచ్చింది. అరవయ్యో కడవకి భోరుమని ఏడ్చేశాడు. కళ్ళలో సున్నిపిండి పడిందనుకుని సేవకులు ఇంకో పది కడవలు ఎక్కువ పోశారు.

స్నానమయ్యాక కొలువుకూటంలోకి తీసుకెళ్ళారు. ఆహా, ఏం కూటమది! మహా మడుగు నడిబొడ్డున తామరాకులా తేలే మేడ, ఆ మేడకు నిలువునా నిలబడ్డ నీళ్ళే స్తంభాలు, ఆ స్తంభాల్లో పైకి ఒక వరస కిందికి ఒక వరస ఈదే వెండి చేపలు, అద్దంలాంటి స్ఫటికపు నేల, నేల కింద లోతు తెలియని నల్లటి నీళ్ళు, పైకప్పు నుంచి ముత్యాల జాలరులా జారి సగంలోనే ఆగిపోయే తుంపర, మూలమూలనా ఎవరికీ అవసరం లేకపోయినా ఎగిసెగిసి పడే జలయంత్రాలు. ఇన్నిటి మధ్య పచ్చల పీఠం మీద డుండుభుడు కూర్చున్నాడు. మెడ సన్నం, పొట్ట లావు, నవ్వితే కళ్ళు మాత్రం నవ్వవు.

వాడి భుజం మీద చిలుకేరు ఉంది.

చిలకరంగు బట్ట. దాని నేతలో పరక చేపపిల్లలు తిరుగుతున్నాయి. రెండంచులా తెల్లని ఇసక జరీలా మెరుస్తోంది. చెంగు నుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారి పీఠం పక్కన పళ్ళెంలో పడుతున్నాయి. తిప్పనకు ఎనిమిదేళ్ళప్పుడు అందులో మోకాళ్ళలోతు దిగి తండ్రితో కలిసి కాలువకు గండి కొట్టిన గుర్తు. తన ఏరు వేరేవాడి ఒంటిమీద ఆరేసినట్టు వేలాడుతుంటే ఒళ్ళు మండిపోయింది.

"రండి యువరాజా, రండి! తమ దేశంలో వానలు దండిగా పడతాయని విన్నాం," అన్నాడు డుండుభుడు.

తిప్పన గొంతు సవరించుకున్నాడు. నెల్లాళ్ళపాటు మైలమదేవి వల్లెవేయించిన రాచభాష బయటికి తీశాడు. "దండిగానా? ఏమని విన్నవించమంటారు మహానుభావా! మా దేశమున పొయ్యి రాజేసి ఎరుగరు. పెళ్ళిపీటల మీద తలంబ్రాలు పోయుచుండగానే మొలకలెత్తును. మా తాతగారి గడ్డములో రెండు కప్పలు కాపురముండి పిల్లలను కూడ పెట్టినవి. దొంగలు సైతము పడవల మీదనే వచ్చెదరు. ఏడు నదులండీ! వాటిని ఎవరికైనా అంటగట్టి రమ్మని మా తండ్రిగారు నన్ను పంపినారు. దారిలో ఎవ్వరును పుచ్చుకొనలేదు."

ఏడు నదులనేసరికి డుండుభుడి ముఖం చేటంత అయింది. "అయ్యో, ఎంత కష్టం! మేం పుచ్చుకుంటాం. ఇప్పుడే ధారపోయండి."

"పోసెదను. కాని మారుదానము లేనిదే మా వంశమున దానము చెల్లదు. ఏదో నామమాత్రముగా ఇచ్చిన చాలు," అని తిప్పన చుట్టూ చూసినట్టు నటించాడు. "ఆ భుజము మీది తడిగుడ్డ ఇప్పించరాదూ? తల తుడుచుకొనుటకు పనికివచ్చును."

డుండుభుడి చెయ్యి గబుక్కున ఉత్తరీయం మీదికి పోయింది. ఒకటి పోయి ఏడు వస్తాయన్న ఆశ వాడి ముఖంలో అటూ ఇటూ పొర్లడం మైలమదేవికి స్పష్టంగా కనిపించింది. ఆఖరికి వాడు నవ్వాడు.

"ముందు మీరు," అన్నాడు.

సేవకులు మట్టి నింపిన మూకుడొకటి తెచ్చి డుండుభుడి అరచేతి కింద పెట్టారు. తిప్పన గిండి వంచి, ఏడు నదుల పేర్లూ అప్పటికప్పుడు కల్పించి, ధార వదిలాడు. వాడి అరచేతి మీదుగా జారిన నీళ్ళు మూకుట్లో మట్టిని తడిపాయి. లేని నదుల్ని ఇవ్వడంలో తిప్పన అంత ఉదారంగా ఉన్నాడంటే, అడిగితే ఎనిమిదోది కూడా ఇచ్చేవాడు.

తరవాత తిప్పన చెయ్యి చాపాడు. డుండుభుడు గిండి అందుకున్నాడు. అందుకుంటూ అందుకుంటూ, ఎడమ కాలితో మూకుడును మెల్లగా పక్కకు తోసేశాడు.

మైలమదేవి గుండె గుభేలుమంది. ధారనీళ్ళు పుచ్చుకునేవాడి చేతి మీదుగా జారి మట్టి మీద పడితేనే దానం చెల్లుతుంది. ఇక్కడ మట్టేది? కింద స్ఫటికం, దాని కింద మడుగు! అరుద్దామనుకునేలోగా డుండుభుడు "చిలుకేరును నీకు ధారాదత్తం చేస్తున్నాను" అనేశాడు. నీళ్ళు తిప్పన అరచేతిలో పడ్డాయి.

అప్పుడు తిప్పన ఒక పొరపాటు చేశాడు. చౌడుసీమవాడు తప్ప ఇంకెవడూ చెయ్యని పొరపాటు. నీళ్ళను కిందికి జారనివ్వకుండా పుడిసిలి పట్టి, గుప్పిట బిగించేశాడు. తెలివితో చేసింది కాదు. ఇరవయ్యేళ్ళుగా ఒక్క బొట్టు నేలపాలు చెయ్యని చెయ్యి అది. దాని పని అది చేసుకుపోయింది.

ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

డుండుభుడి భుజం మీద ఉత్తరీయం లేదు. తడి మరక ఒకటి మిగిలి, చూస్తుండగానే ఆరిపోయింది. తిప్పన గుప్పిట్లో మాత్రం చల్లగా, బలంగా ఏదో కొట్టుకుంటోంది. బతికున్న వాలుగచేపను పట్టుకున్నట్టుంది.

"చెయ్యి తెరువు," అన్నాడు డుండుభుడు.

"ఇడిస్తే గదా!" అన్నాడు తిప్పన. రాచభాష ఎటుపోయిందో ఏమో.

"ఓరి నీ దుంపతెగ! చౌడుసీమవాడివట్రా నువ్వు!"

"తిప్పన్నా, గుప్పిట విప్పకు!" మైలమదేవి తాంబూలపు పెట్టె విసిరికొట్టింది. "నీళ్ళన్నీ మట్టి మీద పడేదాకా దానం సగంలో ఉన్నట్టే. రాతి మీద పడినా, నీటిలో పడినా, నీ చేతిలో ఆరిపోయినా ఏరు మళ్ళీ వాడి భుజమెక్కుతుంది. అంతదాకా వాడు మాయలు పన్నగలడు గానీ, పుచ్చుకునేవాడి మీదా, సాక్షినైన నా మీదా చెయ్యి చేసుకోలేడు. చేసుకుంటే మంత్రాలన్నీ పోతాయి. పరిగెత్తు!"

పరిగెత్తారు. డుండుభుడు పీఠం మీద నిలబడి చప్పట్లు చరిచాడు. నీళ్ళ స్తంభాలు ఒకదాని వెంట ఒకటి కుప్పకూలాయి. నేలంతా చేపలు. తిప్పన వాటిమీద జర్రున జారి, గోడకు తగిలి, ఎడమ చేత్తో లేచాడు. కుడిచెయ్యి మాత్రం గుండెకు అదుముకునే ఉన్నాడు. వాకిట్లో బంగారు పళ్ళెం ఒకటి గాలిలో ఎగిరొస్తూ "పట్టుకో! పట్టుకో!" అని అరిచింది. తిప్పన రెండు చేతులూ ఎత్తబోయి, నాలుక కరుచుకుని, తల వంచాడు. పళ్ళెం వెనకాల వస్తున్న సేవకుడి నుదుటికి ఠంగుమని తగిలింది.

రేవులో పుట్టి ఉంది. అంటే తోలు బిగించిన గుండ్రటి బుట్టపడవ. ఇద్దరూ అందులోకి దూకారు. మైలమదేవి తెడ్డు అందుకుంది. ఆమె జన్మలో తెడ్డు పట్టి ఎరుగదు. చౌడుసీమలో పడవ నడపడం ఎవరు నేర్పుతారు? పుట్టి ముందుకు పోవడానికి బదులు తిరగలిలా గిరగిరా తిరిగింది.

"అమ్మణ్ణీ, నాకు కడుపులో తిప్పుతాంది!"

"నోరు మూసుకో. గుప్పిట కూడా!"

అప్పుడు మొదలైంది అసలు బాధ. మడుగు మీదనుంచి సన్నని గాలి వీచింది. ఆ గాలి తగలగానే తిప్పన కుడి అరచేయి దురదపెట్టింది. మామూలు దురద కాదు. దూలగొండి రాసినట్టు, చీమలు బారులు తీరినట్టు, లోపల ఎవరో ఈకతో గీసినట్టు. తిప్పన కాళ్ళు తపతప కొట్టుకున్నాడు, పుట్టి అంచును పళ్ళతో కొరికాడు, అమ్మా బాబోయ్ అని కేకలు పెట్టాడు. మేడ మీద నిలబడి డుండుభుడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మైలమదేవి ఎనిమిది చుట్లు తిరిగాక తెడ్డు ఏ పక్క వెయ్యాలో కనిపెట్టింది. ఆ తరవాత పుట్టి రివ్వున పోయి ఒడ్డుకు గుద్దుకుంది. ఒడ్డు తగలగానే దురద ఆగింది. అప్పటికి మిట్టమధ్యాహ్నమైంది.

మైలమదేవి దూకి, చేతులారా మట్టి తీసి ముద్దు పెట్టుకుంది. "మట్టి! తిప్పన్నా, మట్టి! వదిలెయ్యి!"

తిప్పన నేల వంక చూశాడు. వంగి ఒక గులకరాయి తీసి కింద పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి మడుగులో పడింది.

"ఏం చూస్తున్నావ్? వదలమంటుంటే!" ఆమె అతని వేళ్ళు పట్టుకుని విడదీయబోయింది.

"అమ్మణ్ణీ, మీ కాళ్ళు మొక్కుతా, ఆగండి. వాలు ఎటుందో సూడండి. ఈడ ఇడిస్తే నీళ్ళు యాడికి పోతాయి? ఈ మడుగులోకే. ఏరు మనదే అవుతాది, పారేది మాత్రం వాని ఇంటి ముందర. మన సీమ కొండకు ఆ పక్క గదా ఉండేది? ఈ గొడ్డుకొండ నెత్తినెక్కి, ఆ పక్క వాలులో ఇడిస్తేనే మన ఏటిలో పడతాది."

మైలమదేవి కొండ వంక చూసింది. చెట్టూ చేమా లేని రాతికొండ. ఎండకు పైనుంచి ఆవిరి లేస్తోంది. రాజకుమారి కాబట్టి తిట్లు రావనుకోకండి. వచ్చినవన్నీ తిట్టి, చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, ఎక్కడం మొదలుపెట్టింది.

సగం దూరం వెళ్ళాక దారి మలుపులో రాతి మీద ఒక ముసలాయన కూర్చుని కనిపించాడు. నెరిసిన మీసం, చేతిలో పార. తిప్పన తండ్రి!

"వచ్చినావా నాయనా! పెద్దోణ్ణి కొండెక్కొస్తే చేతులెత్తి మొక్కవేమిరా?"

తిప్పన రెండు చేతులూ వాటంతటవే దగ్గరికి వచ్చాయి. వేళ్ళ సందుల్లోంచి తడి పైకి ఉబికింది. వెంట్రుకవాసిలో తెలివి తెచ్చుకుని, చేతులు జోడించడం మానేసి, ఉన్నపళంగా బోర్లాపడి సాష్టాంగం చేశాడు. కుడి గుప్పిట ఒక్కటే నిటారుగా పైకెత్తి ఉంచాడు.

"నాయనా," అన్నాడు తిప్పన, "నీ మోకాళ్ళు పట్టుకపోయి మూడేండ్లాయ. గడప దాటల్లంటే ఇద్దరం పట్టుకోవాల. కొండెట్లా ఎక్కినావు?"

ముసలాయన పళ్ళు కొరికాడు. మరుక్షణం రాతి మీద ఎవరూ లేరు.

కానీ ఆ కంగారులో ఒక చుక్క మణికట్టు మీదుగా జారి రాళ్ళ సందున ఉన్న మట్టి మీద పడింది. పడ్డచోట భూమి గుర్రుమంది. గుమ్మడికాయంత నీటిబుగ్గ లేచి, చూస్తుండగానే నడుంలోతు పాయ అయ్యి, రెండు బండరాళ్ళను పెళ్ళగించుకుని మడుగు వైపు ఉరికింది. ఇద్దరూ నోరు వెళ్ళబెట్టి చూశారు.

"ఒక్క చుక్కకా!" అంది మైలమదేవి.

"ఒక్క చుక్కకే," అన్నాడు తిప్పన. అతని ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. గుప్పిట ఇంకా గట్టిగా బిగించాడు.

పొద్దు వాలుతుండగా కొండ నెత్తికి చేరారు. అక్కడ నేల రాతి మధ్య నుంచి ఎర్రమట్టిగా మారి చౌడుసీమ వైపు వాలింది. గులకరాయితో పనే లేదు, కళ్ళకే కనిపిస్తోంది. కింద చౌడుసీమంతా పరుచుకుని ఉంది. ఉప్పు పూసిన తెల్లని బయళ్ళు, వాటి నడుమ వంకరటింకరగా చిలుకేటి ఇసక. ఒకప్పుడు ఏరు ఊరిన చోటు ఇదే. తిప్పన కళ్ళు చెమర్చాయి. మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పిటను మట్టికి ఆనించాడు.

"వదులు నాయనా, వదులు," అన్నారెవరో వెనకనుంచి.

డుండుభుడు. వేషం లేదు, తొందర లేదు. రాతి మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని అంగవస్త్రంతో విసురుకుంటున్నాడు. "నేనేం అడ్డు రాను. వాలు కూడా నీదే. ఒక్క మాట మాత్రం చెప్పు. ఆ ఏటి పొట్టలో ఎన్ని గుడిసెలున్నాయి?"

తిప్పన చెయ్యి ఆగిపోయింది.

ఊళ్ళో బావులు ఎండేకొద్దీ జనం చెలమల దగ్గరికి జరుగుతూ వచ్చారు. మొదట పగలు వచ్చి నీళ్ళు పట్టుకుని పోయేవారు. తరవాత ఇసకలోనే పందిళ్ళు వేశారు. పందిళ్ళు గుడిసెలయ్యాయి, గుడిసెలు వీధులయ్యాయి. కోటలో బావి ఎండాక మైలమదేవి తండ్రి కూడా రాణివాసంతో సహా అక్కడే డేరాలు వేయించుకున్నాడు. ఇప్పుడు చౌడుసీమ అంటే ఏటి పొట్టే. తిప్పన ఇల్లు, కాళ్ళు కదపలేని అతని తండ్రి, అందరూ అందులోనే ఉన్నారు. ఏరు రావాలని ఇరవయ్యేళ్ళు మొక్కని దేవుడు లేడు. వస్తే ఎక్కడికి వస్తుందో ఒక్కడూ ఆలోచించలేదు.

మైలమదేవి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను పోయి అందర్నీ గట్టెక్కిస్తాను. నువ్వు అంతదాకా పట్టుకో."

"ఎంతదాకా తల్లీ?" అన్నాడు డుండుభుడు తాపీగా. "ఈ వడగాలి చూశావా? పొద్దు గూకేసరికి వాడి అరచేతిలో తడి కూడా మిగలదు. ఆ ఊరు ఖాళీ చెయ్యడానికి తెల్లారుతుంది. ఇదంతా ఎందుకు, నా చేతిలో పోసెయ్యండి. ఏరు పోతే పోయింది, ఊరు మిగులుతుంది."

తిప్పన వాడి వంక చూడలేదు. అతను గుప్పిట వంకా, వాలు వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. రాజుల సంగతీ మంత్రాల సంగతీ అతనికి తెలియదు గానీ తూము సంగతి తెలుసు. తూము ఒక్కసారిగా ఎత్తేవాడు నీరటి కాడు. ముందు కాలువలో ఉన్నవాళ్ళకు తెలిసేట్టు కాసిని నీళ్ళు వదలాలి. ఆ నీళ్ళు పాదాలకు తగలగానే కలుపు తీసేవాళ్ళూ గొడ్లు కడిగేవాళ్ళూ గట్టెక్కుతారు. అప్పుడు అసలు తూము ఎత్తాలి. తండ్రి నేర్పింది అదే, తాత చేసింది అదే.

"చెయ్యే తూమనుకుంటా," అన్నాడు. "ఒక సుక్కలో సగం ఇడుస్తా. ఊళ్ళోకి చీలమండల లోతు పోతాది. సూసి అందరూ గట్టెక్కుతారు. ఆ తర్వాత మెల్లమెల్లగా మిగతాది."

మైలమదేవికి ప్రాణం లేచొచ్చింది. డుండుభుడు మాత్రం విసురుకోవడం ఆపలేదు. నిజానికి వాడి పెదవుల మీద నవ్వులాంటిది మొలిచింది.

తిప్పన మోచెయ్యి మోకాలికి ఆనించి, గుప్పిటను మట్టికి దగ్గరగా పెట్టి, చిటికెనవేలు నువ్వుగింజంత సడలించాడు. అర చుక్క రాలింది. ఎర్రమట్టి చిట్లి, బుగ్గ లేచి, జానెడు పాయ గలగలమంటూ వాలు పట్టింది. పారుతూ పారుతూ పాత ఏటి దారి కనుక్కుని, ఇసక తాగినంత తాగగా మిగిలినది పాదాలలోతు తెల్లటి నురగతో మొదటి గుడిసెల వైపు సాగింది.

ఇద్దరూ ఊపిరి బిగపట్టి చూశారు. మొదటి గుడిసెలోంచి చీమంత మనిషి బయటికి వచ్చాడు. నీళ్ళను చూసి స్తంభించిపోయాడు. చేతులు పైకెత్తి ఏదో కేకపెట్టాడు. రెండో గుడిసె, మూడో గుడిసె, వీధికి వీధి బయటపడింది.

"గట్టెక్కుతున్నారు!" అంది మైలమదేవి.

తిప్పన కళ్ళు చిట్లించాడు. "లేదమ్మణ్ణీ... గట్టు మీద ఉన్నోళ్ళు గూడా కిందికి దిగుతాండారు."

దిగుతున్నారు. కోటవైపునుంచి, పొలాలవైపునుంచి, ఎక్కడెక్కడివాళ్ళూ ఏటిలోకి ఉరుకుతున్నారు. ఆడవాళ్ళ చంకల్లో కడవలు, మగవాళ్ళ భుజాల మీద కావళ్ళు, పిల్లల చేతుల్లో ముంతలు. అర చుక్క పాయకు ఎదురుగా చౌడుసీమ చౌడుసీమంతా పరిగెత్తుకుంటూ వస్తోంది. చెలమ మొహం తప్ప నీళ్ళ మొహం చూసి ఇరవయ్యేళ్ళయినవాళ్ళు. నీళ్ళొస్తే పారిపోవాలని వాళ్ళకు ఎవరు చెప్పారు?

డుండుభుడు ఇప్పుడు పైకే నవ్వాడు. "నీరటివే గానీ, నీ జనం నీకు తెలియకపోయె!"

తిప్పన పద్ధతే, అతని తాతల పద్ధతే ఊరినంతా తెచ్చి ఏటి నడిబొడ్డున నిలబెట్టింది. మైలమదేవి మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. కాళ్ళ కడియాలు ఊడబెరికి అవతల పారేసి, వాలు వెంట పరుగు లంకించుకుంది. ముళ్ళని లేదు, రాళ్ళని లేదు, పడటమని లేదు, లేవడమని లేదు, ఒకటే పరుగు. గాలికి ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా పైకి వినిపించింది.

"కడవలు పారేయండర్రా! నీళ్ళు వదిలేసి గట్టెక్కండి! నీళ్ళు వదిలేయండి!"

ఆ సీమలో పుట్టినవాడెవడూ ఇంతవరకూ వినని మాట అది. కింద ఎవరికీ అది అర్థమైనట్టు లేదు. ముందున్నవాళ్ళు అప్పటికే మోకాళ్ళ మీద కూలబడి దోసిళ్ళతో తాగుతున్నారు. వెనకనుంచి ఇద్దరు మనుషులు ఒక ముసలాయనను మంచంతో సహా మోసుకొచ్చి, నీళ్ళు చూపించడానికి, ఏటి మధ్యలో దించారు.

తిప్పన ఆ మంచాన్ని గుర్తుపట్టాడు.

సడలించిన చిటికెనవేలు మళ్ళీ బిగించబోయాడు. పొద్దుటినుంచి బిగించి బిగించి మొద్దుబారిన వేలు మాట వినలేదు. గుప్పిట కింద రెండో చుక్క మెల్లగా ఊరింది. నిండు చుక్క. చింతగింజంత అయింది, రేగిపండంత అయింది, పరకపిల్లలు తిరుగుతున్న చిలకపచ్చని చుక్క. తిప్పన ఎడమ అరచేతిని దాని కిందికి తీసుకొచ్చాడు.

డుండుభుడు రాతి మీదనుంచి లేచి, పక్కన గొంతుక్కూర్చుని, తన అరచేయి కూడా ఆ చెయ్యి పక్కనే చాపాడు.

"నీ ఎడమచెయ్యి ఎన్ని చుక్కలు పడుతుంది నాయనా?" అని అడిగాడు.